కారు లేనివాళ్ళ కారు జాగా

దూదక్కకి ఊళ్ళో సగంమంది నిద్ర తెలుసు. పాత పరుపు విప్పి, గుంట ఎటువైపు పడిందో, అంచు ఎక్కడ నలిగిందో చూసిందంటే చాలు. ఆ ఇంట్లో మొగుడూ పెళ్ళాం ఎడమొహం పెడమొహంగా ఉన్నారో, మధ్యలోకి పసిబిడ్డ వచ్చి చేరిందో, పెద్దాయనకి నడుంనొప్పి పట్టుకుందో ఇట్టే పసిగట్టేస్తుంది. పసిగట్టినా పైకి అనదు. "పరుపులో సంగతి పరుపులోనే పెట్టి కుట్టెయ్యాలి" అంటూ దబ్బనం అందుకుంటుంది.

మనిషి పొట్టి, గుండ్రం, నడక మాత్రం చురుకు. జుట్టు నెరిసిందో, దూది అంటుకుందో చూసేవాళ్ళకి తెలియదు. ఆమెకీ తెలియదు. "దులిపితే పోయేది దూది, పోనిది వయసు" అని నవ్వేస్తుంది. ఆమె ఒకచోట కాసేపు కూర్చుని లేచి వెళ్ళిపోయాక కూడా, ఇంకా అక్కడే ఉన్నట్టు నాలుగు పోగులు గాల్లో తేలుతూ ఉంటాయి.

ఆమె మొగుడు దూది ఏకే మిషను తిప్పుతాడు. మిషను చేసే రొద తన తరఫున కూడా అనుకుంటాడో ఏమో, ఆయన నోరు విప్పడం తక్కువ. ఏమడిగినా "ఊఁ" అంటాడు. ఆ "ఊఁ"లో సరే అన్నది ఒకటి, వద్దన్నది ఒకటి, ఆకలేస్తోందన్నది ఒకటి ఉంటాయనీ, వాటి తేడా తనకొక్కదానికే తెలుసనీ దూదక్క గర్వం.

వాళ్ళ పక్కగదిలో ఆయన తోడబుట్టింది ఉంటుంది. ఒంటరి మనిషి. పెళ్ళయిన కొన్నాళ్ళకే మొగుడు పోతే, ఇస్త్రీ పెట్టె చేతపట్టుకుని తన బతుకు తను సాపు చేసుకుంది. అన్నాచెల్లెళ్ళో అక్కాతమ్ముళ్ళో తేల్చి చెప్పాల్సిన తల్లి ఎప్పుడో వెళ్ళిపోయింది. అందుకని దూదక్కా, ఆమే ఇద్దరూ ఒకరినొకరు "వదినా" అనే పిలుచుకుంటారు. ఎవరు పెద్దో తేలితే ఎవరో ఒకరు తగ్గాల్సి వస్తుంది. తగ్గడం ఇద్దరికీ ఇష్టం లేదు. ఇద్దరూ పొద్దున లేచిందగ్గర్నుంచీ కుళాయి దగ్గర బిందె ఎవరిది ముందుందో, తీగ మీద బట్టలు ఎవరివి ఎటు జరిగాయో మాట్లాడుకుంటూనే ఉంటారు. వినేవాళ్ళు దాన్ని పోట్లాట అంటారు.

వాళ్ళుండే వరుస ఒకప్పుడు బస్తాలు పెట్టుకునే కొట్టం. యజమాని మధ్యలో రేకులు అడ్డం పెట్టి పది గదులు చేసి పది కుటుంబాలకి అద్దెకిచ్చాడు. ఒక్కో గదిలో ఇద్దరు పడుకుంటే మూడోమనిషి నిలబడాలి. మంచం ఉన్నంతవరకే కాళ్ళు చాపుకోమన్నారు పెద్దలు. దూదక్క గదిలో మంచమే పట్టదు. పరుపులు కుట్టడం బయట సందులోనే. వాన వస్తే పని బంద్. ఊరందరికీ మెత్తటి పరుపులు కుట్టే మనిషి తను మాత్రం చాప మీద పడుకునేది.

ఒకరోజు పొద్దున్నే మునిసిపాలిటీ నుంచి ఒకాయన టేపు పట్టుకుని వచ్చాడు. ఒక గది కొలిచాడు, పెదవి విరిచాడు. ఇంకో గది కొలిచాడు, తల అడ్డంగా ఊపాడు. దూదక్క గది కొలవబోతే టేపు మొత్తం సాగకుండానే గోడ అడ్డొచ్చింది.

"ఇవి గదులు కావమ్మా" అన్నాడు. "మనుషులు పడుకునే గదికి ఇంత కొలత ఉండాలి, బయటికి తెరుచుకునే కిటికీ ఉండాలి. అప్పుడే రూలు ప్రకారం గది అవుతుంది."

"మరి ఇన్నేళ్ళూ మేం ఎక్కడ ఉన్నట్టు బాబూ?"

ఆయన టేపు చుట్టేసుకున్నాడు. మంచివాడే పాపం. "రూలు ప్రకారం ఎక్కడా లేనట్టే" అన్నాడు.

ఏడాదిలోగా ఖాళీ చేయాలని చెప్పి వెళ్ళాడు. దూదక్కకి ఆయన మీద కోపం రాలేదు. ఆయన అన్నమాట అబద్ధం కాదు. ఎండాకాలం ఆ రేకుల కింద మనిషి అప్పడంలా వేగిపోతాడు. పక్కింటివాళ్ళు దగ్గితే ఈ ఇంట్లో వాళ్ళు మందేసుకోవాలి. గాలీ వెలుతురూ ఉండాలన్న రూలు రాసినవాడెవడోగాని దయగల మనిషే. ఒక్కటే లోటు. ఇక్కడ ఉండకూడదని రాశాడుగాని, ఎక్కడ ఉండాలో రాయడం మరిచిపోయాడు. ఊళ్ళో అద్దెలు అడిగితే చెప్పేవాళ్ళకి నోరు తిరుగుతోందిగాని వినేవాళ్ళకి కళ్ళు తిరుగుతున్నాయి.

వరుసలో చివరి గదిలో ఒక బస్సు కండక్టరు ఉండేవాడు. పదిమందిని ఒకచోట ఇరికించి ముందుకు నడిపించడం ఆయనకి వృత్తిరీత్యా వచ్చిన విద్య. ఆయనే అందర్నీ కూడగట్టి సంఘం పెట్టాడు. ఆఫీసుల చుట్టూ తిరిగి తిరిగి, బస్సు డిపో వెనకాల మునిసిపాలిటీ వాళ్ళది ఒక చిన్న ఖాళీ జాగా సంఘం పేరిట సంపాదించాడు. అప్పుకి ఒక బ్యాంకు కూడా ఒప్పుకుంది. ప్లాను గీసేవాడు పది ఇళ్ళు గీశాడు. కింద కొన్ని, పైన కొన్ని, ఆ పైన కొన్ని. ఒక్కో ఇంటికి ఒక హాలు, ఒక గది, వంటిల్లు, రెండు కిటికీలు.

ఒక ఆదివారం కండక్టరు అందర్నీ ఆ జాగాకి తీసుకెళ్ళి, నేల మీద ముగ్గుపిండితో ఇళ్ళ గీతలు గీసి చూపించాడు. పిల్లలు గీతల మధ్య పరుగులు తీశారు. పెద్దవాళ్ళు మాత్రం లేని గుమ్మాల్లోంచే లోపలికి వెళ్ళారు, గీత దాటి లేని గోడలోంచి ఎవరూ నడవలేదు. దూదక్క తన హాల్లో చతికిలపడి, చేతులు రెండువైపులా చాపి చూసుకుంది. ఏదీ తగల్లేదు. అప్పటికే వదిన పక్కింటి గీతల్లో నిలబడి ఒక తగువు మొదలెట్టింది.

"నీ వంటింటి కిటికీ నా వంటింట్లోకి చూస్తోంది వదినా."

"ఇంకా కట్టలేదు కదా వదినా."

"కట్టాక అడిగితే పగలగొడతావా?"

దూదక్క మొగుడు ఇద్దరి గీతల మధ్యా నిలబడి "ఊఁ" అన్నాడు. సంతోషంగా ఉన్నాడని దూదక్కకి అర్థమైంది.

ఇల్లు కట్టి చూడు, పెళ్ళి చేసి చూడు అని ఊరికే అనలేదు. ప్లాను పట్టుకుని కండక్టరు మునిసిపల్ ఆఫీసుకి బయల్దేరితే, తోడుగా దూదక్క కూడా వెళ్ళింది. ప్లాన్లు చూసే ఆఫీసరు చిన్నపిల్ల. ఉద్యోగంలో కొత్త. ఆమె బల్ల ఒక కాలు పొట్టిదైతే దాని కింద మడతపెట్టిన అట్ట పెట్టుకుంది. ప్లాను అటూ ఇటూ తిప్పి చూసి, "బాగుందమ్మా, కిటికీలు కూడా సరిపోయాయి. మరి కార్లెక్కడ?" అంది.

"ఎవరి కార్లు తల్లీ?" అంది దూదక్క.

"మీవే."

దూదక్క కండక్టరు వైపు చూసింది. తనకి తెలియకుండా ఈయన గాని కారు కొన్నాడేమోనని.

"మాకు కార్లు లేవు మేడమ్" అన్నాడు కండక్టరు. "పది ఇళ్ళకీ కలిపి రెండు సైకిళ్ళు, ఒక ఇస్త్రీ బండి."

"ఉన్నా లేకపోయినా ఇంటికొక కారు జాగా చూపించాలండీ. కొత్తగా కట్టే అపార్టుమెంటు ఏదైనా అంతే. లేకపోతే కార్లన్నీ రోడ్డు మీదకొస్తాయి."

"లేని కారు రోడ్డు మీదకి ఎట్లా వస్తుందమ్మా?" అంది దూదక్క. "ఆలు లేదు, చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం అన్నట్టుంది."

ఆఫీసరు పెదవుల మీదకి నవ్వొచ్చింది, ఆపుకుంది. కారు జాగా అంటే ఎంత ఉంటుందని దూదక్క అడిగితే, ఆ పిల్ల కుర్చీలోంచి లేచి, ఈ గోడ నుంచి ఆ బీరువా దాకా, తలుపు నుంచి ఆ కిటికీ దాకా అని నడిచి చూపించింది.

"అది మా గది కన్నా పెద్దది" అంది దూదక్క. నిష్ఠూరంగా అనలేదు. లేని కారుకి దక్కిన భాగ్యానికి మురిసిపోయినట్టే అంది. "దానికీ కిటికీ కావాలా తల్లీ?"

"అక్కర్లేదు."

"హమ్మయ్య. ఆ ఒక్కటీ మాకే ఎక్కువన్నమాట."

ఈసారి ఆ పిల్ల నవ్వేసింది. నవ్విన తర్వాత మొహం చిన్నబుచ్చుకుని, అసలు లెక్క చెప్పింది. ఇంటికొక కారు జాగా, అవి తిరగడానికి దారీ విడిస్తే కింద అంతస్తంతా పోతుంది. పోయినదాన్ని పైన కట్టుకుందామంటే, వీధి సన్నంగా ఉంది గనక అంతకన్నా ఎత్తు లేపకూడదు. మెట్లకీ, చుట్టూ వదలాల్సిన ఖాళీకీ పోగా మిగిలేవి ఆరు ఇళ్ళు.

"సడలింపు అడగొచ్చు" అంది గొంతు తగ్గించి. "కమిటీ ముందు విచారణ ఉంటుంది. చుట్టుపక్కలవాళ్ళు అభ్యంతరం చెప్పకపోతే ఒప్పుకోవచ్చు. నేనైతే రాస్తాను, బస్సులు పక్కనే ఉన్నాయని."

కొండనాలుకకి మందేస్తే ఉన్న నాలుక ఊడిందని వరుసలో అందరూ అనుకున్నారు. చిన్న గదుల్లో ఉండకూడదనే రూలు వల్ల ఒక గూడు పోతోంది. కార్లకి జాగా విడవాలనే రూలు వల్ల ఇంకో గూడు నలుగురికి రాకుండా పోతోంది. ఆ నలుగురూ ఎవరు? కండక్టరు చీట్లు వేద్దామన్నాడు. ఆ వారమంతా వరుసలో ఒక వింత జరిగింది. కుళాయి దగ్గర ఎవరూ పోట్లాడుకోలేదు. "నువ్వు పట్టుకో అక్కా, నాకు తొందర లేదు" అంటూ ఒకరికొకరు దారి ఇచ్చుకున్నారు. అది చూసి దూదక్కకి భయం వేసింది. మనుషులు అంత మర్యాదగా ఉన్నారంటే లోపల ఏదో తెగిపోతోందన్నమాట.

చీట్లు వేసేలోపలే ఇంకో కబురొచ్చింది. డిపో పక్క కాలనీవాళ్ళు అభ్యంతరం పెట్టబోతున్నారట. కాలనీ సంఘానికి పెద్ద ఒక రిటైర్డ్ హెడ్మాస్టారు. ఆ పేరు వినగానే దూదక్క, "ఆయనదా, ఎడమవైపు గుంట" అనేసి నాలుక్కరుచుకుంది.

మాస్టారింట్లో పరుపు దూది గడ్డలు కట్టిందని కబురు వచ్చి అప్పటికే చాలా రోజులైంది. ఏదో వంకన వెళ్ళినట్టు కాకుండా, ఆ పని మీదే దూదక్క మొగుణ్ణీ మిషన్నీ వెంటబెట్టుకుని వెళ్ళింది. మాస్టారి భార్య గేటు తీసి, "ఇంట్లో దూది ఎగిరితే ఆయనకి తుమ్ములు. షెడ్డులో చేసుకోండి" అని కారు షెడ్డు తలుపు తెరిచింది.

షెడ్డులో కారు తప్ప అన్నీ ఉన్నాయి. విరిగిన మంచం, పాత పుస్తకాల పెట్టెలు, ఊడిన ఫ్యాను, మనవడు ఎక్కి వదిలేసిన మూడు చక్రాల సైకిలు. కారు మాత్రం బయట వీధిలో గోడవారగా, ముసుగు కప్పుకుని, పాలిపోయిన మనిషిలా నిలబడి ఉంది. దూదక్క చూసింది. పరుపు విప్పి పని మొదలెట్టింది.

కాసేపటికి మాస్టారు ముక్కుకి తువ్వాలు అడ్డం పెట్టుకుని గుమ్మంలోకి వచ్చారు. "నువ్వు ఆ డిపో వెనక ఇళ్ళు కడుతున్నవాళ్ళ మనిషివి కదమ్మా?"

"కట్టాలనుకుంటున్నవాళ్ళ మనిషిని మాస్టారూ."

"నాకు మీ మీద ఏ కక్షా లేదు. కానీ ముందుచూపు ఉండాలి. ఈరోజు మీకు కార్లు లేవు. రేపు మీ పిల్లలు చదువుకుంటారు, ఉద్యోగాలు చేస్తారు, కార్లు కొంటారు. అవన్నీ తెచ్చి మా వీధిలో పెడతారు. అప్పుడేమిటి మా గతి?"

దూదక్క పని ఆపి, రెండు చేతులూ జోడించింది. "మీ నోట చక్కెర పొయ్య మాస్టారూ. మా పిల్లల గురించి ఇంత మంచిమాట ఇంతవరకూ ఎవరూ అనలేదు."

మాస్టారు తువ్వాలు ముక్కు మీంచి తీసి మళ్ళీ పెట్టుకున్నారు. అభ్యంతరం చెబుదామని వస్తే అది ఆశీర్వాదమైపోయింది. ఈలోగా లోపలినుంచి టీ తెచ్చిన భార్య, గ్లాసు దూదక్క చేతికిచ్చి, మొగుడితో మాత్రం ఎటో చూస్తూ అంది, "రోడ్డు మీద కార్లు పెడితే నడవడానికి దారుండదని నేనూ పదేళ్ళుగా చెబుతున్నా. వినేవాళ్ళు లేరు."

"అది వేరు" అన్నారు మాస్టారు.

"ఔను, అది మనది" అందావిడ.

మాస్టారు తుమ్మి లోపలికి వెళ్ళిపోయారు. మనసు మార్చుకున్నట్టు ఆయన వీపు చూస్తే ఏమీ అనిపించలేదు. దూదక్క మాత్రం ఆ పరుపుకి ఎడమవైపు ఇంకో గుప్పెడు దూది ఎక్కువేసి కుట్టింది. అది లంచం కాదు. గుంట అక్కడే కదా పడింది.

విచారణ రోజున కమిటీ హాలు నిండిపోయింది. ఒకవైపు వరుసవాళ్ళు ఉతికిన బట్టల్లో. అందరి బట్టలూ వదినే ఇస్త్రీ చేసింది, మడతలు కత్తుల్లా నిలబడ్డాయి. రెండోవైపు కాలనీవాళ్ళు. మాట్లాడాల్సిన కండక్టరుకి అదేరోజు పొద్దున గొంతు పూర్తిగా పోయింది. ఇన్నేళ్ళు బస్సులో అరిచి అరిచి, సరిగ్గా ఆ రోజే మొరాయించింది. ఆయన దూదక్క వైపు వేలు చూపించాడు.

దూదక్క లేచింది. కమిటీ పెద్దావిడ, "చెప్పండమ్మా, మీ కోరిక ఏమిటి?" అంది.

అంతమంది మొహాలు ఒక్కసారి దూదక్క వైపు తిరిగాయి. కండక్టరు చెవిలో ఊదిన మాటలన్నీ గాలికి పోయాయి. "కూర్చోవచ్చా?" అంది.

హాలంతా గొల్లుమంది. పెద్దావిడ కూడా నవ్వి, కూర్చునే చెప్పమంది. కూర్చున్నాక దూదక్కకి కాస్త ఊపిరి తిరిగింది. చీర అంచుకి అంటుకున్న దూది పోగు తీసి వేళ్ళ మధ్య నలుపుతూ మాట్లాడింది.

"నాకు రూళ్ళు తెలియవమ్మా. మీరు రాసినవన్నీ మంచికే రాసుంటారు. గదికి కిటికీ ఉండాలన్నారు, ఎంత మంచిమాట. నేను పుట్టాక కిటికీ ఉన్న గదిలో పడుకుంది జబ్బుచేసి ఆసుపత్రికెళ్ళినప్పుడే. ఆ కిటికీ కూడా పక్క మంచం ఆవిడది. ఇప్పుడు మాకు పది ఇళ్ళకి పది కార్ల జాగాలు కావాలంటున్నారు. కారుకి మేమంటే కోపం లేదు, మాకూ దానిమీద లేదు. కానీ అది ఇంకా రాలేదు. మేం వచ్చేశాం. రానివాళ్ళ కోసం వచ్చినవాళ్ళని లేపడం పెళ్ళి పందిట్లో కూడా చేయరు కదమ్మా. అదీ నా మాట."

చెప్పాల్సింది ఇంకా ఏదో ఉందనిపించిందిగాని, ఏమిటో గుర్తురాలేదు.

తర్వాత మాస్టారు లేచారు. కళ్ళజోడు సవరించుకుని, తెచ్చుకున్న కాగితం చదవడం మొదలెట్టారు. వీధి వెడల్పు, పిల్లల భద్రత, రేపటి తరం. చదువుతూ చదువుతూ "రోడ్డు మీద వాహనాలు నిలపడం అనే దురలవాటు" అన్న చోటికి వచ్చేసరికి, ముందు వరుసలో కూర్చున్న భార్య మెడ తిప్పి ఆయన్నే చూడటం కనిపించింది. మాస్టారు ఆగారు. ఒకసారి దగ్గారు. ముప్పై ఏళ్ళు పిల్లలకి అబద్ధం ఆడొద్దని చెప్పిన మనిషి, ఎంతైనా.

"ఆ దురలవాటు మా వీధిలో ఇప్పటికే ఉందని మనవి చేస్తున్నాను" అన్నారు మెల్లగా. "అందులో నాదీ ఒక కారుంది. నా షెడ్డులో సామాను ఉంది. కాబట్టి జాగా విడిచినంత మాత్రాన కార్లు అందులో ఉంటాయన్న నమ్మకం నాకు లేదు. అయితే అసలు ఒక్క జాగా కూడా లేకపోవడం సబబు కాదు. అంతే."

కాలనీవాళ్ళలో కొందరు ఆయన్ని కొరకొర చూశారు. ఆయన భార్య మాత్రం సంచీలోంచి విసనకర్ర తీసి తాపీగా విసురుకుంది.

కమిటీవాళ్ళు లోపలికి వెళ్ళి చాలాసేపటికి బయటికొచ్చారు. అటు మాటా ఇటు మాటా కలిపి మధ్యస్థంగా తేల్చారు. బస్సులు పక్కనే ఉన్నాయి గనక మూడిళ్ళకొక కారు జాగా చాలునన్నారు. ప్లాన్ల ఆఫీసరు అక్కడే కూర్చుని గబగబా గీసి చూసింది. కింద ఒక ఇల్లు పోయి, ఆ చోట మూడు కార్లు పట్టాయి. తొమ్మిది ఇళ్ళు.

వరుసకి తిరిగొచ్చేదాకా అందరూ గెలిచామనే అనుకున్నారు. ఇంటికొచ్చి కాళ్ళు కడుక్కున్నాక, పది గుమ్మాల దగ్గర పది కుటుంబాలూ నిలబడ్డప్పుడు, తొమ్మిది అంటే ఏమిటో అర్థమైంది.

అప్పుడు వదిన ముందుకొచ్చింది. "నేను తప్పుకుంటా" అంది. "ఒక్కదాన్ని. బండి ఎక్కడ ఆపితే అక్కడే నా ఊరు. అందరూ పిల్లాజెల్లాతో ఉన్నవాళ్ళు." అనేసి, ఎవరైనా జాలిగా చూస్తారేమోనని, "ఇక ఈవిడ దూది నా బట్టల మీద పడే బాధ కూడా తప్పుతుంది" అని కలిపింది.

ఎవరూ నవ్వలేదు. దూదక్క ఈ మనిషితో ఇన్నేళ్ళు బిందె గురించీ తీగ గురించీ మాట్లాడుతూ వచ్చింది. రేపట్నుంచి ఎవరితో మాట్లాడాలి? మొగుడితోనా? ఆయన "ఊఁ" అంటాడు.

"మా ఇంట్లో ఉండు వదినా" అంది. "హాలూ గదీ ఉన్నాయి. నువ్వు హాల్లో ఇస్త్రీ బల్ల వేసుకో."

"నీ ఇంట్లో నీ చేతికింద ఉండనా? నా వంట నాకుండాలి."

"సరే, నీకు వేరే వంటగట్టు కట్టిస్తా."

మర్నాడే ఇద్దరూ ఆఫీసరు దగ్గరికి వెళ్ళారు. హాల్లో ఒక మూల ఇంకో వంటగట్టు పెట్టుకుంటామని అడిగారు. ఆ పిల్ల రెండు చేతులతో తల పట్టుకుంది. "రెండు వంటిళ్ళుంటే రూలు ప్రకారం అది రెండిళ్ళు. అప్పుడు పదిళ్ళవుతాయి. అప్పుడు ఇంకో కారు జాగా కావాలి. అప్పుడు మీ ఇల్లే పోతుంది."

వదినలిద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఒకే రూలు మీద ఇద్దరికీ కోపం రావడం వాళ్ళ జీవితంలో అదే మొదలు. తిరుగుదారంతా బస్సులో ఆ రూలుని ఇద్దరూ కలిసి తిట్టారు. దిగేసరికి ఇద్దరికీ కాస్త తేలిగ్గా ఉంది.

ఆ సాయంత్రం దూదక్క మొగుడు మిషను తుడుస్తూ తుడుస్తూ ఆగి నోరు విప్పాడు. "ఒక రోజు ఒకళ్ళు, ఒక రోజు ఒకళ్ళు వండండి. నచ్చిన రోజు నేను చెబుతా."

అంత పొడుగు మాట ఆయన పెళ్ళి అయ్యాక అన్నదే లేదు. ఇద్దరూ నిర్ఘాంతపోయారు. మాట కుదిరింది.

ఇళ్ళు కట్టడానికి ఏడాది దాటింది. ఖాళీ చేయాల్సిన గడువు మీరిపోతే, టేపు పట్టుకుని వచ్చిన ఆయనే ఇంకొన్నాళ్ళు ఆ వరుసని కొలవడం మరిచిపోయాడు. చివరికి తొమ్మిది ఇళ్ళలోకి పది కుటుంబాలూ చేరాయి. కింద మూడు జాగాల్లో కార్లు లేవు. వేరే ఏదీ పెట్టకూడదన్నారు గనక అవి ఊడ్చి, కడిగి, తళతళలాడుతూ ఖాళీగానే ఉంటాయి. ఆ ఇళ్ళల్లో అంత శుభ్రమైన చోటు ఇంకోటి లేదు. ఎప్పుడైనా ఏ చుట్టమైనా ఆటోలో వస్తే, పిల్లలు ఎదురెళ్ళి దాన్ని దగ్గరుండి లోపల పెట్టించి సంబరపడతారు.

దూదక్క ఇంట్లో వంతుల వంట సాగుతోంది. ఆయన ఇంతవరకూ ఏ రోజూ నచ్చిందని చెప్పలేదు. ఒకళ్ళ వంట మెచ్చుకుంటే రెండోవాళ్ళు ఊరుకోరని ఆయనకి తెలియదా? ఇద్దరి వంటకీ "ఊఁ" అంటాడు. అందులో ఏది ఎక్కువ "ఊఁ" అన్నది వదినలిద్దరూ రోజూ తేల్చుకుంటూనే ఉంటారు. ఇస్త్రీ బల్ల మీదికి దూది ఎగరకుండా మధ్యలో ఒక తెర కట్టారు. దాని అంచు ఎటు జరిగిందన్నది ఇంకో కథ.

మొన్న వానల్లో వదినకి జ్వరం వచ్చింది. ఆ రోజు వంతు ఆమెదే. దూదక్క పొయ్యి వెలిగించి, అన్నం వండి, కాస్త మెత్తగా కలిపి తెచ్చి మంచం పక్కన కూర్చుంది. వదిన రెండు ముద్దలు తిని మొహం చిట్లించింది.

"ఉప్పు తక్కువ వదినా."

"జ్వరం నోటికి అట్లాగే ఉంటుంది."

"నోరు కాదు, నీ చెయ్యి."

ఇంకో ముద్ద తింది. ఇంకోటి. గిన్నె ఖాళీ అయ్యాక గోడవైపు తిరిగి పడుకుంటూ అంది, "రేపు కూడా నువ్వే వండు. ఉప్పు మాత్రం చూసి వెయ్యి."